గేటు మీద పదకొండు పూతలు

గేటు తూకానికి పోయింది.
కిలోకి ఇంత అన్నాడు కొన్నవాడు,
రంగుకి పైసా రాదన్నాడు.
అయితే రంగు నాకొదిలెయ్యి అన్నాను.

అలా మల్కాపురం రోడ్డులో, ఎండెక్కక ముందే,
ముక్కుకి తువ్వాలు కట్టి, పుట్టీ బ్లేడు పట్టుకుని
దీపస్తంభం మార్కు పెయింట్స్ చరిత్రని
చివరి పేజీ నుంచి చదవడం మొదలెట్టాను.

పై పూత మాది కాదు.
పూర్ణా మార్కెట్ దగ్గర షాపులో
మిషను కలిపిచ్చిన బూడిద రంగు.
మా గేటుకి మేమే రంగు కొనుక్కున్న ఏడాది.
బిల్లు మీద సంతకం నాదే,
ముప్పయ్యొక్కేళ్ళు కంటితో షేడు కలిపినవాడిది.

దాని కింద తుపాను. ఉప్పు బొబ్బలు.
షెడ్డు రేకులు లేచిపోయి, డబ్బాలు పగిలి
కాలవ మూడ్రోజులు పచ్చగా పారింది.
వీధి పిల్లలు దాంట్లో చెప్పులు ముంచుకుని
రోడ్డంతా అడుగులేశారు.

తర్వాతి నాలుగు పూతలూ ఏమీ చెప్పలేదు.
లాభాలొచ్చిన ఏళ్ళు కాబోలు.

ఏడోది నీలం. పదిహేడో నంబరు.
జాలారిపేట నుంచి మైలపిల్లి ఎర్రన్న వచ్చి
నా నమూనా పలకలన్నీ తోసేశాడు.
"సంద్రం రంగు మాకెందుకు బాబూ?
బోటు తిరగబడితే
ఎతికేవోడికి అగుపించాలి గదా."
ఎనిమిది రోజులు ఇసకలో కూచుని
చుక్క తెలుపు, అర చుక్క పసుపు,
సముద్రంలో ఏ పూటా లేని నీలం కోసం సముద్రాన్నే చూశాను.
దొరికింది. పదేళ్ళు అదే మాకు అన్నం పెట్టింది.

ఎనిమిదోది ఎడమ రెక్క మీదే ఉంది.
బ్లేడు కాస్త ఏటవాలుగా పెడితే
అడుగున 'బో' కనిపించింది, ఆ పక్కన 'న'.
బోనసు.
బోని పైడమ్మ రాసింది, లేబుళ్ళ సెక్షను,
గుణింతం రాదని అందరూ నవ్వే మనిషి.
రాత్రికి రాత్రి దాని మీద రంగేయించారు,
పొద్దున్న ఆవిడే లేబులంటించిన డబ్బాలోంచి.

ఇంకో రెండు పొరలు, పెళుసుగా, గోరుకే రాలాయి.

అడుగున ఎరుపు.
కోరాడ సన్యాసయ్య హార్బర్లో
ఓడల పొట్టకి తుప్పు గీకే కూలి.
మిగులు డ్రమ్ముల అడుగులు నాకి నేర్చుకున్నానని
తనే చెప్పేవాడు, నవ్వుతూ.
రాయపూర్ నుంచి రైల్లో అవిసె నూనె,
పొడి రెడ్ లెడ్డు, భార్య సూరీడమ్మ రుబ్బురోలు.
ఆ రోట్లో మళ్ళీ పిండి రుబ్బలేదు.

రుబ్బింది మా నాన్న.
నాలుగేళ్ళకి మణికట్టు వాలిపోయింది,
తడిసిన జెండాలా.
చొక్కా గుండీలు నేను పెట్టేవాణ్ణి.
సన్యాసయ్య చచ్చేదాకా జీతం పంపాడు.
ఎందుకని మేమడగలేదు, ఎందుకో ఆయనా చెప్పలేదు.
ఆ తర్వాతే నన్ను షేడ్ల బల్ల దగ్గర కూచోబెట్టారు.

అక్కడ ఆపేశాను.
ఎరుపు గీకలేదు.
కింది మడతబందు దగ్గర ఒక్కచోట బ్లేడు జారింది:
లోపల ఇనుము
నిన్న కొలిమిలోంచి తీసినట్టు ఉంది.
అరవై రెండేళ్ళ ఉప్పుగాలి, మచ్చ లేదు.

మంచి సరుకే చేశాడు నాన్న.

కాటా మనిషి గేటెత్తి చూసి
"రెండున్నర కిలోలు తగ్గింది మేస్త్రీ" అన్నాడు.
గోనెసంచి మూతి కట్టి
చేతులు సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాను.