తలల లెక్క

మా కొర్లయ్య పదకొండేళ్లు ఓడలో ఇంజన్లకి నూనె పోసేడు.
ఎన్ని దేశాలు చూసేవని ముక్కాం జనం అడిగితే
"రేవులు చూసేను, దేశాలు కాదు" అంటాడు.
ఒక్క ఒసాకా తప్ప.

అక్కడ క్రేను పాడై ఓడ నిలబడిపోతే
కంపెనీవోళ్లు అయిదుగుర్ని టూరు బస్సెక్కించేరట.
పొద్దున్న తొమ్మిదికి ఎక్కడం, సాయంత్రం అయిదుకి దిగడం.
ఆ ఎనిమిది గంటలూ
ఇరవయ్యేళ్లుగా చెప్తున్నాడు, ఇంకా అవలేదు.

కోట చుట్టూ నీళ్లట, లోపల లిఫ్టట.
రాజుగారు మెట్లెక్కలేరేటి అంటే తెలీదంటాడు.
చేపల బజార్లో సూర చేపని
మంచుగడ్డ మీద పెళ్లికొడుకులా పడుకోబెట్టేరట,
ఈగ ఒక్కటీ లేదట.
ఈగ లేకపోతే అది చేపల బజారెలాగవుతాది?
ముప్పయ్యేళ్లు తట్ట మోసినదాన్ని, నేను నమ్మలేదు.

దీపాలూ టవర్లూ చెప్పేటప్పుడు గొంతు ఒకలా ఉంటాది,
ఆ గైడమ్మ మాటొచ్చేసరికి ఇంకోలా అయిపోతాది.
యాభై దాటిన మనిషట, నా అంత పొట్టట,
కర్రకి పసుపు జెండా.
దిగినప్పుడల్లా ఎక్కినప్పుడల్లా
వేలితో గాల్లో పొడుస్తా తలలు లెక్కెట్టేదట:
ఇచి, ని, సన్, షి...
ఇతనిది ముప్పయ్యేడో తల.

మధ్యాన్నం ఏదో సందులో
కత్తులు నూరే ముసలాయన్ని చూస్తా ఉండిపోయేడట.
తేరుకుని పరిగెట్టేసరికి
బస్సు అక్కడే ఉంది, పదకొండు నిమిషాలుగా.
తిడతాదనుకున్నాడు.
ఆవిడ నడుం వంచి దణ్ణం పెట్టి
ముప్పయ్యేడు, అందట.
అంతే.
"ఇంజను గదిలో పడి సచ్చినా
సాయంత్రం హాజరీ దాకా ఎవడికీ తెలీదే" అంటాడు
కథ ఇక్కడికొచ్చేసరికి.
తరవాత కాసేపు ఏటీ అనడు. చుట్ట ఎతుక్కుంటాడు.

మొన్న మంగళారం
నా కంట్లో శుక్లం చూపించడానికి విజీనారం ఎల్లేం.
డాక్టరు రెండింటికి రమ్మన్నాడు, మేం తొమ్మిదికే దిగిపోయేం.
కాంప్లెక్సులో నిలబడి ఇతనేటి చేసేడంటే
గొడుగు కొనకి బట్టలకొట్టు పసుప్పచ్చ సంచీ కట్టేడు.
పైకెత్తేడు.
"రండి" అన్నాడు.
నన్ను. రండి, అని.

సంతకైనా సావుకైనా
నా పురిటికి ఆస్పత్రికైనా
పది బారలు ముందు నడిచిన మనిషి.
మొహం కంటే ఇతని వీపే నాకు బాగా తెలుసు,
ఎడం రెక్క కింద నూనె కాలిన మచ్చతో సహా.

"అల్లదిగో మూడు లాంతర్లు. కావాలంటే లెక్కెట్టుకోండి."
"ఇది గంటస్తంభం. ఇక్కడ ఫొటోలు తీసుకోవచ్చు."
మాది నొక్కుడు ఫోను.
"ఇది కోట. చుట్టూ నీళ్లుండేవంట.
లోపల కాలేజీ. లిఫ్టు లేదు."

చెరుకురసం బండి కాడ ఒకడు నవ్వేడు.
బడి ఎగ్గొట్టిన గుంటలిద్దరు మా ఎనకాల చేరేరు.
ఇతను వాళ్లనీ లెక్కలో వేసుకున్నాడు:
ఇచి, ని, సన్.
సిగ్గేసి కొంగు నోటికడ్డం పెట్టుకున్నాను గానీ
కాళ్లు ఆగలేదు.

గుంటలు ఐసు బండి కాడ జారిపోయేరు.
మళ్లీ మలుపులో ఎనక్కి తిరగడం, వేలెత్తడం:
ఇచి.
తనని తాను లెక్కెట్టుకోడు. గైడు కదా.

గాజుల సందులో కావాలనే ఆగిపోయేను.
కొనడానికేటి కాదు.
ఎర్రవి డజను తిప్పి చూసేను,
బేరమాడేను, పెట్టీసేను, మళ్లీ తీసేను.
శుక్లం కంటికి దూరమంతా కడుగునీళ్లలాగుంటాది.
ఆ నీళ్లలో పసుపు చుక్క ఒకటి
కదలకుండా.

"ఎవరమ్మా ఆయన, ఎండలో అలా నిలబడిపోయేడు?"
అనడిగేడు కొట్టువాడు.

"బస్సు" అన్నాను.
ఆకుపచ్చవి కూడా చూపించమన్నాను.