నున్నగా వదిలేసిన చోటు

నల్లరాయి దొరకలేదు. బూడిదరంగు దానికే ఒప్పుకున్నారు.
కొండపర్తి దారిలో నిలపాలట, ఏరువాకలోపు.
కరణం తాటాకు చూసి చదివాడు:
కింద యుద్ధం, నడుమ అప్సరసలు,
పైన లింగం ముందు కూర్చున్న వీరుడు.
కూలి మూడు మాడలు, పుట్టెడు జొన్నలు.

సరే అన్నాను. ఉలి పెట్టబోయి ఆగాను.
ఏ యుద్ధం?

కాటయ నాయకుడు జ్వరంతో పోయాడు,
పట్టెమంచం మీద, మిరియాల కషాయం గొంతు దిగక.
సబ్బినాటి పోచెన ఆయనకు లెంక.
ఎడమకాలికి గండపెండేరం తొడిగిన నాడే
నలుగురిలో అనేశాడు, నీ తరువాత కూడు ముట్టనని.
ముట్టలేదు.
తెల్లారేసరికి ఓరుగల్లు మట్టికోట కందకం దగ్గర
తన కత్తికి తనే ఎదురెళ్లాడు.

శత్రువని ఎవర్ని చెక్కను?
జ్వరానికి మొహం ఉంటుందా?

"గుర్రం మీద చెక్కు" అన్నాడు కరణం.
గుర్రం నాయకుడిది. పోచెన దాని పక్కన ఉరికేవాడు,
డాలు వీపుకు కొట్టుకుంటుంటే.
నా ఉలులకు సాన పట్టే కొలిమిలోనే
వాడి కత్తికీ సాన.
"ఒక్కనాడైనా దీంతో ఉల్లిగడ్డ కోసుకోవాలి" అని నవ్వేవాడు.

మూడోనాడు ఎఱకసాని వచ్చింది.
ఏడవలేదు. రాయి చుట్టూ తిరిగింది,
బర్రెను బేరం చేసేదాన్లా.
"అప్సరసలు ఇద్దరెందుకు?"
ఆనవాయితీ అన్నాను.
"ఒక్కతె చాలు. ఆయనకు సిగ్గు."
ఇంకాసేపు చూసి,
"ఎడమకాలు కురచ. పెండేరం బరువుకు ఈడ్చేవాడు.
అది పెట్టు. లేకుంటే నేను గుర్తుపట్టను."

పెట్టాను, శాస్త్రం ఒప్పుకోని కాలు.
కరణం వేలితో తడిమి ఊరుకున్నాడు.
వీరుడికి ఎదురుగా, శత్రువు నిలవాల్సిన చోట
రాతిని నున్నగా చేసి వదిలేశాను.
"ఇది మిగిలిపోయిందేం?"
"మిగల్లేదు" అన్నాను.

నెత్తురుమాన్యం ఇచ్చారు, కాలువ కింద రెండు మర్తురులు.
ధర్మమే. వేలెత్తి చూపలేం.
నాయకుడి ఇల్లు మాట తప్పలేదు, లెంక తప్పలేదు,
నేలా తప్పదు, పండుతుంది.

రాయి నిలిపిననాడు పిల్లవాడొచ్చాడు, అయిదేళ్లవాడు.
తండ్రి పెండేరం కాలికి నిలవక
తొడదాకా ఎక్కించి తాడుతో కట్టారు.
కొత్త నాయకుడు వాడి తల నిమిరాడు.
వాడు సంబరంగా నడిచాడు,
ఎడమకాలు ఈడుస్తూ.
ఎఱకసాని నా వైపు చూసింది.

గనిలో అదే పొరది ఇంకో పలక ఉంది,
ఆళ్లెత్తు, మచ్చ లేనిది.
పోయినేడే ఎంచి పెట్టుకున్నాను.
ఆ సాయంత్రమే పోయి
గడ్డపారలేసి, ఇద్దరు కొడుకుల్ని పిలిచి
దాన్ని బోర్లా తిప్పించాను.