పెట్టుబట్టలు

నాచారంలో మా అపార్ట్‌మెంటుకి కోశాధికారిని నేను.
నీళ్ల ట్యాంకర్లు, లిఫ్టు రిపేర్లు,
ఎవరు ఎన్ని నెలలు మెయింటెనెన్సు ఎగ్గొట్టారో
అన్నీ ఒకే నీలం అట్ట పుస్తకంలో.
ఈ వేసవిలో అందులో కొత్త పేజీ తెరిచాను:
భూకంపం.

మా వాచ్‌మన్ లోక్‌రాజ్ ఊరు ఎక్కడో మంచుకొండల కింద,
మూడు బస్సులు మారి ఇంకా నడవాలట.
గేటు తీస్తూ, నా స్కూటరుకి దారిస్తూ
"సాబ్, గావ్ ఖతమ్" అన్నాడు,
కరెంటు పోయిందని చెప్పినట్టు.

పదకొండో రోజు అతని వదిన మన్‌మాయ
సికింద్రాబాదులో రైలు దిగింది.
ఇద్దరు పిల్లలు, ఒక ప్రెషర్ కుక్కరు.
మూత లేదు. గోడ కింద ఉండిపోయిందట.
మిగతావాళ్ల గురించి మేం అడగలేదు.

గ్రూపులో సందేశం పెట్టింది నేనే.
సాయంత్రానికి సెల్లారు నిండింది.
పాత బట్టలకి స్టీలు గిన్నెలిచ్చేవాడు
ఈ మధ్య మా వీధికి రావడం లేదు కాబోలు,
అతనికి పోవాల్సినవన్నీ ఇటొచ్చాయి:
ఎవరి పెళ్లినాటిదో షేర్వాణీ, చంకల్లో పిగిలిన నైటీలు,
ఒంటికాలి బూటు, స్కూలు టై,
గడువు దాటిన దగ్గుమందు.
నేనూ ఇచ్చాను, జిప్పు పడని స్వెటరు.
'302, ఉన్ని దుస్తులు' అని
గుండ్రటి అక్షరాలతో రాసుకున్నాను.

మన్‌మాయ ఆ గుట్ట ముందు నిలబడింది.
చేయి పెట్టలేదు.
ఏరుకోవడానికి సిగ్గనుకున్నాను.
తర్వాత లోక్‌రాజ్ చెప్పాడు,
తొమ్మిది రోజులు రాళ్లు తీసిందట,
రాళ్ల సందుల్లోంచి ముందు బట్టల కొసలే కనపడేవట.

అప్పుడొచ్చాడు ఇస్త్రీ బండి బుచ్చయ్య.
గుట్టలోంచి ఒక లంగా లాగి దులిపాడు.
"గిట్లిస్తే ముష్టి అంటరు సారూ.
ఇస్త్రీ జేసి మడత వెట్టిస్తే
పెట్టుబట్టలైతయి."

ఆ రాత్రి మా సెల్లారులో బొగ్గులు ఎర్రగా ఉన్నాయి.
అతని భార్య సత్తెమ్మ గుండీలు కుట్టింది.
పనికిరానివి విడిగా వేసింది, "ఇవి బండ్లు తుడుసుకోనీకె" అని.
పైన ఉన్నది నా స్వెటరే.
మడతపెట్టిన ప్రతి జతకీ ఓ మూల పసుపద్దింది.
పాతవాటికి పసుపేంటని నవ్వాను.
"ఆమెకు కొత్తయే గదా" అంది, తలెత్తకుండా.

పొద్దున్నే బొట్టు పెట్టి ఇద్దామని కుంకుమ భరిణె తీసింది.
వేలు గాల్లో ఆగింది.
మన్‌మాయ ఆ వేలిని చూసింది.
చూసి, పక్కనున్న కూతురి నుదుటిని
మెల్లగా ముందుకి తోసింది.

ఆ పిల్ల పేరు ఆస్మిత. మెట్ల కింద గదిలో పడుకోదు.
పైన అయిదు అంతస్తులున్నాయని లెక్కపెట్టుకుంది.
గేటు బయట ఇస్త్రీ బండి కిందే
చాప, తమ్ముడు, మూత లేని కుక్కరు.

శుక్రవారం రాత్రి బోరు లారీ వచ్చింది.
మా బోరే. చెక్కు మీద సంతకం నాదే.
ఏడొందల అడుగుల దగ్గర నేల వణకడం మొదలైంది,
బాల్కనీల్లో గ్లాసులు గలగలలాడాయి,
మేం నీళ్లొస్తాయని వంగి చూస్తున్నాం.
ఆ పిల్ల తమ్ముణ్ణి జబ్బ పట్టుకుని
రోడ్డు నడిమధ్యకి ఈడ్చుకెళ్లింది.
గొంతులోంచి చప్పుడు రాలేదు. నోరు మాత్రం తెరుచుకునే ఉంది.

పరుగున దిగాను. ఆపమన్నాను.
"ఇప్పుడాపితే రాడ్లు ఇరుక్కుంటయి సార్,
ఇంకో గంట" అన్నాడు లారీవాడు.
అయిదు అంతస్తుల్లో ఎవరో అరిచారు, ఆపొద్దని.
నేను మళ్లీ అడగలేదు.

బుచ్చయ్య బొగ్గులు రోడ్డు మీద గుమ్మరించాడు.
పిల్లలిద్దర్నీ ఎత్తి బండి మీద కూర్చోబెట్టాడు,
మన్‌మాయ ఒకవైపు, తను ఒకవైపు.
మూసిన మిర్చి బజ్జీల కొట్టు దాటి,
కుక్కలు మొరిగే మలుపు దాటి
ఆ నాలుగు చక్రాలు వెళ్లిపోయాయి.

"ఎంతదాకా పోయారు?" తెల్లారాక అడిగాను.
"మల్లాపూర్ దాక. ఆడ నేల సల్లగుండె."

బండి ఇరుసు వంగింది. రిపేరు నూట ఎనభై.
పుస్తకం తెరిచి, భూకంపం పేజీలో
అది రాశాను.