వాపస్ పెట్టెలు

సజ్జా గోదాముల, పదకొండో నంబరు షట్టరు కింద
మూడేండ్ల సంది బొమ్మలు లెక్కపెడుతున్న.
కార్టన్‌కు నలభై ఎనిమిది,
పాలెట్‌కు ముప్పై ఆరు కార్టన్లు.
నిద్రల గూడ లెక్క తప్పది.

కంపెనీ పేరు వింటర్‌బర్న్.
దాని చరిత్ర గోడకు అంటించిండ్రు, మెరిసే కాగితం మీద:
శవపేటికలు చేసే ఇద్దరన్నదమ్ములు
మిగిలిన చెక్కముక్కలతోని ఒక బాతును చేసిండ్రట,
ఆ బాతు మీద ఒక రాజ్యం లేచిందట.
కుంజుమోన్ సార్ చదివి నవ్విండు.
నాకు నవ్వు రాలే.
మా తాత గూడ బాతులు చేసిండు నిర్మల్ల,
పొనికి చెక్క చెక్కి,
రంపపుపొట్టు చింతగింజల జిగురుల కలిపి ముక్కు అతికి.
ఆ బాతుల మీద ఒక పెంకుటిల్లు లేచింది,
అదీ సగమే.

గోడ మీద రాయనియి మొఫిజుల్ చెప్తడు, చాయ్ తాగుకుంట.
వాని చెల్లె ఢాకా అవతల
ఈ కంపెనీ గుడ్డబొమ్మలకే కండ్లు కుట్టేది,
రోజుకు పన్నెండు వందల కండ్లు.
మంటలు లేచిన రాత్రి తలుపుకు బయట తాళం.
ఆ ఫ్యాక్టరీ మాది కాదన్నదట కంపెనీ,
మాకు కుట్టిచ్చేటోళ్ళకు కుట్టిచ్చేటోళ్ళదట.
చెప్తున్నంత సేపు వాడు
కార్టన్ మీది టేపును గోటితోని గీకుతనే ఉంటడు.

ఇంకో ఏడు ఆడబొమ్మలను పోర్టుల ఆపిండ్రు,
గౌను పొట్టిగున్నదని.
మాకు ఓవర్‌టైం దొరికింది.
పదారు మందిమి రెండు రాత్రులు కూసొని
ఆరు వేల బొమ్మలకు నల్ల అబాయాలు తొడిగినం.
చిన్న చేతులు పైకెత్తి తొడుగుతుంటె
బిడ్డకు బడి గౌను తొడిగినట్టే ఉండె,
నేనెన్నడు తొడగలే గని.

ఇప్పుడు ఈ బాతు.
పసుపు ఒళ్ళు, ఎర్రముక్కు, తాడు గుంజితె తల ఊపుతది.
రంగుల సీసమున్నదని తేలిందట,
అమ్మినయి, అమ్మనియి, అన్నీ వాపస్.
వాపస్ అన్న మాట మాకు కొత్త గాదు.
మాల్యాద్రిని గట్లనే పంపిండ్రు, పొద్దుగాల పిలిచి, పగటాల్లకు విమానం.
బాతులకు మాత్రం కారణం రాసిచ్చిండ్రు.

పెట్టెలు తెరుస్తున్న, నంబరు రాస్తున్న:
కె, నాలుగు, ఒకటి, ఏడు.
చెయ్యి ఆగింది.
రంజాన్ల ముక్కు సొట్టబోయిన బాతునొకదాన్ని
సార్‌ను అడిగి తీసుకున్న.
కార్గో డబ్బాల పాలపొడికి, జండూబామ్‌కు నడుమ పండబెట్టి
ఇంటికి పంపిన.

బోటిమ్‌ల గంగామణి ముఖం సగమే కనబడ్డది.
బాతు ఏడున్నదే అన్న.
అగో, లాస్య నోట్లెనే ఉన్నది,
దాని ముక్కు చప్పరిస్తె గని బువ్వ తినది,
రంగంత పోయి తెల్లగైంది, ఏమైందన్నది.
సీసమున్నదట అన్న.
సీసానా? పగిలిందా? అన్నది.
గుంజుకో ముందుగాల, ఇంకోటి పంపుతనన్న.
బిడ్డ ఏడుపుల నుంచి అడిగింది:
అదిగూడ గసొంటిదేనా?

తాత యాదికొచ్చిండు.
కుంచె కొసను పెదవులతోని తడిపి సన్నగ జేసి
బాతుకు కన్ను దిద్దేటోడు.
ఆ రంగుల ఏమున్నదో ఎవ్వలు అడగలే,
ఏ బాతును ఎవ్వలు వాపస్ పిలువలే.
చివరికి చేతులు వణికినయి.
మేము ముసలితనమనుకున్నం.

రాత్రి తొమ్మిదింటికి సార్ వచ్చి
పాత స్టిక్కర్లు పీకి కొత్తయి అంటియ్యమన్నడు.
ఏ దేశానికి సార్ అన్న.
నీకెందుకన్నడు, నా దిక్కు చూడకుంట.
ఫోర్క్‌లిఫ్ట్ పాలెట్‌ను లేపింది,
తెరిచిన డబ్బాల బాతులన్నీ ఒక్కసారే తలలూపినయి,
సరే, సరే, సరే.

స్టిక్కర్లు నేనే పీకిన. కొత్తయి నేనే అంటించిన.
కని ఒక్కో కార్టన్ మూత లోపటి దిక్కు
మార్కరుతోని రాసిన, నాకొచ్చిన ఒక్క లిపిల,
పోయే ఊర్ల ఎవ్వలకు రాని లిపిల:
నోట్లె పెట్టనియ్యకుండ్రి.