మూరెడు ఎత్తు

కొరుక్కుపేటలో రెండో ప్లాట్‌ఫాం
మూరెడు ఎత్తు లేచింది.
పేపరువాళ్లు రాయలేదు.
మోకాళ్లకు మాత్రం తెలిసింది.
పాత అంచూ, దాని పసుపు గీతా
సిమెంటు కింద పడుకున్నాయి,
ఎవరో ఉమ్మిన వక్కాకు మరకతో సహా.

నేను పట్టాల మనిషిని.
రాత్రి ఒకటీ పదికి లైను మా చేతికిస్తారు,
నాలుగున్నరకి తిరిగి ఇచ్చెయ్యాలి,
అద్దె సైకిలు లాగా.
ఆ మధ్యలో కంకర తోడి, జల్లించి, మళ్లీ నింపి,
అరిగిన పట్టా దించి, కొత్తది పడుకోబెట్టి,
అతుకు దగ్గర మందు వెలిగించి
ఇనుము పాలలా పొంగేదాకా
మొహం పక్కకి తిప్పుకుని నిలబడాలి.
మేస్త్రీ చెంగల్రాయుడు అరుస్తాడు,
"చూడకండ్రా, రేపటికి కళ్లు మీవి కావు!"
నేను చూసేవాణ్ణి.
అంత తెలుపు మా వాడలో ఇంకెక్కడుంది?

ఇదివరకు పట్టాకీ పట్టాకీ మధ్య సందుండేది.
ఆ సందుని రెండు పక్కలా పట్టుకునే ఇనపచెక్క పేరు
ఫిష్‌ప్లేటు అని చెబితే
సింగారమ్మ కడుపు పట్టుకుని నవ్వింది.
"నా గంపలో ఉన్నవి చాలక
పట్టాలకీ చేపలు కట్టారా?"

ఆమెది కాసిమేడు సరుకు.
తెల్లవారి అయిదింటి గుమ్మిడిపూండి బండి,
వెండర్ పెట్టె.
ఆ గుమ్మం అప్పట్లో ఆమె తొడదాకా వచ్చేది.
పని దిగి ఇంటికెళుతూ నేనక్కడే ఉండేవాణ్ణి.
"ఓ చెయ్యెయ్యన్నా" అనేది.
అటు అంచు ఆమె, ఇటు అంచు నేను.
అరక్షణం పని.
పదకొండేళ్లు.
గంప అడుగు నుంచి ఐసునీళ్లు
నా మోచేతి దాకా పాకేవి.
మా ఇంట్లోది తలుపు తీస్తూ ముక్కు మూసుకుని
"ఇవాళేం చేప?" అనేది.
చెప్పేవాణ్ణి. వంజరం. కానాగంత.
ఒక్కోసారి ఉత్త నెత్తళ్లు.

ఇప్పుడు అతుకులన్నీ కరిగి ఒకటయ్యాయి.
బండి టకటకమనదు, జారుతుంది.
అత్తిపట్టు దాటాక మూడు దెబ్బలు పడితే
మింజూరు వచ్చిందని కునుకులోంచి లేచేదట;
పోయిన వారం కవరైపేట దాకా పోయి
వెనక్కొచ్చింది, మెత్తబడ్డ సరుకుతో.

కొత్త రేకు దిగింది, పెరంబూరు పెట్టెలు.
స్టీలు ఒళ్లు, లోపల ఇంకా రంగు వాసన,
రాబోయే స్టేషను పేరు మూడు భాషల్లో చెప్పే గొంతు.
వెండర్ పెట్టెలో ఆ గొంతు పలకదు,
మొదటి రోజే స్పీకరు పోయింది.
మూడింట్లో మా తెలుగు లేదు. పోనీ,
కంకరలో వంగినప్పుడు మేం మాట్లాడుకునేది
ఏ భాషో మాకూ తెలీదు.

మొన్న చూశాను.
సింగారమ్మ గంప దించకుండానే
ఇంటి మెట్టెక్కినట్టు ఎక్కేసింది.
లోపలికెళ్లాక వెనక్కి తిరిగింది.
నా చెయ్యి అప్పటికే సగం లేచి ఉంది.
దాంతో ఏం చెయ్యాలో తోచక
భుజం మీద తువాలు సర్దుకున్నాను.
సంతోషమే. నిజంగానే.
నలభై ఏడేళ్ల నడుముకి
ఆ మూరెడు ఎంతో నాకు తెలీదా?

కాకపోతే తొమ్మిది పెట్టెల బండి పన్నెండయ్యింది.
వెండర్ పెట్టె ఆగేచోటు జరిగిపోయింది,
రేకుల కప్పు ఇంకా రాని చివరికి.
రోజూ బండి వెంట పరుగు,
తల మీద గంప మాత్రం కదలకుండా.

వదులైన స్లీపరు కనబడితే
సుద్దతో సున్నా చుట్టి అడ్డగీత గీస్తాం మేం.
వెనకొచ్చేవాడికి అదే ఉత్తరం.
అమావాస్య నాటి తెల్లవారి, కొత్త గచ్చు మీద
ఆ గుమ్మం సరిగ్గా ఆగేచోట
అదే గుర్తు గీశాను.
ఊడ్చే మనిషి పదింటికల్లా తుడిచేసింది.
మళ్లీ గీశాను.
మళ్లీ తుడిచింది, ఈసారి నన్ను తిట్టి.

ఇవాళ వాన. సుద్ద నిలవలేదు.
సింగారమ్మ అక్కడే ఉంది,
గంప మీద గోనె కప్పి, తను తడుస్తూ,
కాలి బొటనవేలు ఆ చోటు మీదే నొక్కిపెట్టి.