ఐదు గీతల గడి

కాలేజీ ఫారంలో పద్నాలుగో గడి:
"సమాజ సేవ, జట్టు నాయకత్వం. మీ అనుభవం రాయండి."
కింద ఐదు గీతలు.
జెరాక్సులో ఐదోది సగమే పడింది.

మొదటి గీత మీద రాసినాను:
కంబదూరు హైస్కూల్ ఖోఖో జట్టుకు రెండేండ్లు కెప్టెన్‌ని.
అబద్ధం కాదు.
ఈల నా మెడలోనే ఉండేది,
పేర్ల కాగితం నా జామెట్రీ బాక్సులో.
ఆ కాగితంలో పన్నెండో పేరు కొట్టేసింది కూడా నేనే,
ఎర్ర ఇంకుతో, స్కేలు పెట్టి.

వన్నూరమ్మ.
పొద్దున ఆరుకు ప్రాక్టీసంటే ఆరుంబావుకు వచ్చేది.
జడ తడి, లంగా అంచు తడి.
గీత మీద కూర్చుంటే చాలు, రెప్పలు వాలేవి.
వీపు మీద చెయ్యి పడి "ఖో" అంటే
ఉలిక్కిపడి లేచేది, ఎటు ఉరకాలో మరిచిపోయి.
"కెప్టెనన్నాక గట్టిగుండల్ల" అన్నారు కుళ్ళాయప్ప సార్.
గట్టిగానే ఉన్నాను.
స్కేలు జరగలేదు.

రెండో గీత: సేవ.
ఆ ఎండాకాలం మూడు బోర్లూ గాలి కక్కినాయి.
ట్యాంకరు రోడ్డు దిగి లోపలికి రాదు,
సందు ఇరుకు, డ్రైవరుకు తొందర.
"ఖోఖో పిల్లలు శనివారం అవ్వలకు నీళ్ళు మోయండి,
ఫోటో తీసి పైకి పంపల్ల" అన్నారు హెడ్మాస్టరమ్మ.
సందు పొడుగునా జట్టును నిలబెట్టినాను
కోర్టులో లాగే, ఒకరు ఇటు తిరిగి, ఒకరు అటు.
ఈల ఊదినాను.
నాలుగో చేతి దగ్గరే
సగం బిందె నేలపాలు.
ఈలకు నీళ్ళు భయపడవు.

సందు చివర గడపలో లింగమ్మవ్వ
బోసినోటితో నవ్వింది.
"తప్పుకోండమ్మా, మా పిల్ల వస్తాది.
దినామూ తెల్లారకముందే నాకు రెండు,
కండ్లు కనపడని ఓబన్నకు రెండు,
వాళ్ళింటికి నాలుగు పోసి పోతాది.
చుక్క ఒలకదు."
"ఎవరవ్వా?"
అవ్వకు పేరు తెలీదు.
"తడి లంగా పిల్ల" అనింది.

అప్పుడే మలుపు తిరిగి వచ్చింది,
తలమీద ఒకటి, నడుమున ఒకటి.
నన్ను చూసి తలొంచుకోబోయింది.
తలమీద బిందె ఉంది కదా, వంగలేదు.
వంగింది నాదే.

"ఎట్లా అందుకోవాలమ్మే?"
"బిందెను చూడొద్దు.
ఇచ్చేవాళ్ళ మోచెయ్యి చూడు.
అది వంగినప్పుడు నువ్వు వంగల్ల. అంతే."

ఈల తీసి జేబులో వేసుకున్నాను.
వరుసలో ఒకదాన్నై నిలబడినాను.
ట్యాంకరు ఖాళీ అయ్యేసరికి
ఎర్రమట్టిలో కొత్త తడి మచ్చ ఒక్కటే.
అది నా కాళ్ళ దగ్గరే.

పైకి పంపిన ఫోటోలో మేమంతా ఉన్నాం.
వన్నూరమ్మ లేదు. ఫోన్ పట్టుకుని తీసింది తనే.

మూడో గీత: ప్రాక్టీసు ఆరున్నరకు మార్చినాము.
సార్ రెండు దినాలు మాట్లాడలేదు.
కొట్టేసిన పేరును మళ్ళీ రాయడానికి
స్కేలు పనికిరాలేదు.

కళ్యాణదుర్గంలో ఓడిపోయినాము, రెండు పాయింట్లతో.
ఆఖరి నిమిషం.
నేను గీత మీద వెనక్కి తిరిగి కూర్చున్నాను,
ఎవరొస్తున్నారో కనపడదు.
వీపు మీద పడిన అరచెయ్యి
గరుకుగా ఉంది, బిందె అంచు కోసిన గరుకు.
"ఖో."
ఉరికినాను.
అందలేదు. అయినా అంత ఉరుకు
నా కాళ్ళలో ఉందని నాకే తెలీదు.
తిరిగొచ్చే బస్సులో ఉగ్గాని పొట్లం ఒళ్ళో పెట్టుకుని
తను నా భుజమ్మీద నిద్రపోయింది.
ఊరొచ్చేదాకా లేపలేదు.

నాలుగో గీత మీద ఏం రాయాలో తోచలేదు.
ఖాళీగానే వదిలినాను.

ఈ పొద్దు మళ్ళీ జెరాక్సు అంగడికి పోయి
ఇంకో ఫారం తీయించినాను.
మడత పడకుండా నోటుపుస్తకంలో పెట్టుకుని
ఆ సందులోకి పోతున్నాను.
దీంట్లో ఐదు గీతలూ
నిండుగా పడినాయి.