కన్నాడి

మా నాయన పేరు కెన్నడీ.
ఓటర్ల లిస్టులో కన్నడయ్య,
రేషను కార్డులో కెనడి,
గుడిపాల నుంచి వచ్చే మా అత్తలకు మాత్రం కన్నాడి.
అరవంలో అద్దం అని అర్థం.
మూడు భాషలు రాసుకు తిరిగే చిత్తూర్లో
ఏ పేరూ చెక్కు చెదరకుండా ఇల్లు చేరదు.

పుట్టింది మిషన్ ఆసుపత్రిలో,
అరవై మూడు నవంబరు, అర్ధరాత్రి దాటినాక.
తెల్లారి రేడియో చెప్పింది,
అదే ఝాముకు అమెరికాలో ప్రెసిడెంటును కాల్చేసినారని.
వార్డులు ఊడ్చే మా తాత యేసుపాదం
చీపురు పట్టుకోనే నిలబడిపోయినాడంట:
"అంత దొరకు గూడా గుండు తగుల్తుందా?"

తెల్ల నర్సమ్మ స్టూలు మీద కూర్చోని ఏడుస్తా ఉంటే
మా జేజి రూతమ్మ మంచం మీద నుంచి అడిగింది:
"ఆయన పెండ్లాం ఎట్లుండాది?"
నర్సమ్మ వచ్చీరాని తెలుగులో చెప్పింది.
ఆగస్టులో మగబిడ్డ పుట్టి
రెండు దినాలకే పోయినాడు,
ఇప్పుడు మొగుడు.
జేజి అప్పటికే నీవా గట్టున ఇద్దర్ని పూడ్చి వచ్చిన మనిషి.
చాలాసేపు పలకలేదంట.
తర్వాత,
"ఆ పేరే పెట్టండి వీడికి.
ఆయమ్మకు ఒకడు తక్కువైనాడు గదా."

బడిలో మధ్యాన్నం
అమెరికా మొక్కజొన్న పిండి ఉప్మా, పసుప్పచ్చగా.
"ఒరే కెన్నడీ, మీ నాయన పంపినాడు, ఇంకో గరిటె పెట్టించుకో"
అని అయ్యవారు నవ్వితే
నవ్వకుండా పెట్టించుకున్నాడంట.
ఆకలికి ఎగతాళి అర్థం కాదు,
అర్థమైనా గిన్నె వెనక్కి తీయదు.

ఐదో తరగతితో బడి సరి. బెల్లం మండీ.
వీపు మీద మూట, చేతిలో కొక్కి,
మెడ మడతల్లో ఎప్పుడూ ఒక తీపి జిడ్డు.
ఎత్తుకుంటే మేం ఆయన భుజం నాకేవాళ్ళం.
ఉప్పగా ఉండి, ఆమీద తియ్యగా ఉండేది.

ఇంట్లో అద్దం లేదు.
మిషన్ వాళ్ళిచ్చిన క్యాలెండరు బొమ్మ
పటం కట్టించి గోడకు కొట్టినాడు తాత:
ఆ దొర, ఆయమ్మ, ఇద్దరు పిల్లలు.
దాని గాజులోనే నాయన గడ్డం గీసుకునేవాడు.
నురగ పట్టిన నల్ల ముఖం
సరిగ్గా ఆ తెల్ల ముఖం మీద కూర్చునేది.
తాగిన రోజు మాత్రం పిల్లోడి మీద వేలు పెట్టి
"మూడేండ్ల పుట్టినరోజు నాడు, మే,
నాయన పెట్టెకు సెల్యూట్ కొట్టినాడు వీడు" అని
మళ్ళీ మళ్ళీ చెప్పేవాడు.
మేం నిద్రపోయినా చెప్పేవాడు.

తొంభై ఆరులో
ఆయనా ప్రెసిడెంటు అయినాడు.
హమాలీల సంఘానికి, పద్దెనిమిది నెలలు.
మూటకు పావలా పెంచినాడు.
మండీ వెనక కొళాయి వేయించినాడు.
తర్వాత లెక్కల్లో నూట నలభై తక్కువొచ్చింది.
అడిగితే తల వంచుకున్నాడే గాని
ఎవరి పేరూ చెప్పలేదు.
కుర్చీ పోయింది, మూట మిగిలింది.
నా పదో తరగతి ఫీజు రసీదు
ఇప్పటికీ నా దగ్గర ఉండాది,
నూట ముప్పై ఎనిమిది.
ఆ మిగిలిన రెండు రూపాయలేమైనాయో
నాకూ తెలీదు.

పోయిన ఏడు మునిసిపాలిటీలో
మరణ ధ్రువీకరణ రాస్తా గుమాస్తా తల ఎత్తినాడు.
"కెన్నడీనా? అమెరికా ప్రెసిడెంటా?"
"లేదు సార్, హమాలీల ప్రెసిడెంటు."
రాసుకున్నాడో లేదో,
కాగితం చూస్తే కన్నయ్య అని ఉండాది.
దిద్దమని అడగలేదు.

పెట్టె దించేటప్పుడు
సెల్యూట్ గుర్తుకు రాలేదు నాకు.
చేతిలో ఆయన కొక్కి ఉండింది,
ఎందుకు పట్టుకొచ్చినానో.

మండీ వెనక కొళాయి కారతానే ఉండాది.
ఎవరూ వాషరు వేయరు.
పటంలో దొర వెలిసిపోయినాడు,
ఆయమ్మ చెయ్యి ఒకటి మిగిలింది, పిల్లోడి బూట్లు మిగిలినాయి.
చట్రం ఎడమ అంచు వెంబడి,
నాయన రోజూ జరిపి సర్దిన చోట,
చీమలు ఇంకా వరస కడతా ఉండాయి.